కొండ చాటు రేవు

విశాఖ పాతనగరంలో మూడు కొండలు, వాటికి ఎదురుగా యారాడ కొండ, నడుమ ఓడలు నడిచే ఇరుకు దారి. ఈ ఊరు ఎందుకు పుట్టిందో, ఎలా పెరిగిందో తెలియాలంటే ఆ దారి కనిపించే చోట కాసేపు నిలబడాలి.

విశాఖపట్నం చూడవచ్చిన చుట్టాలను మనం తీసుకెళ్లే చోట్లు అందరికీ తెలిసినవే. ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, వీలైతే రుషికొండ. మర్నాడు తెల్లారేసరికి అరకు రైలు. వన్‌టౌన్ మాటెత్తితే మాత్రం ‘అక్కడేముంది, ఇరుకు సందులు’ అనేస్తాం. ఊరు మొదలైందే అక్కడ. కోట వీధి, సోల్జర్‌పేట, చెంగలరావుపేటల మీదుగా పోర్టు వైపు వస్తే దగ్గరదగ్గరగా మూడు చిన్న కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఇంకొకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న కొండను రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే ఐరోపా దొర ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఆ ఇల్లే ప్రార్థనాలయమైంది. ఏటా డిసెంబరు 8న మేరీమాత పండగకు కొండంతా జనమే.

మెట్లు, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి. ఎక్కడానికి పెద్ద శ్రమ లేదు. పైకి చేరి చర్చి చుట్టూ తిరిగి దక్షిణం వైపు పిట్టగోడ దగ్గరకు వస్తే కింద ఒక్కసారిగా నీళ్లు. అవతల గట్టున నిటారుగా యారాడ కొండ. ఇంగ్లీషువాళ్లు దీని కొసనే డాల్ఫిన్ నోస్ అన్నారు, ఆ పేరే పుస్తకాల్లోకి ఎక్కింది. చుట్టుపక్కల పాతవాళ్లకు ఇప్పటికీ అది యారాడ కొండే. ఆ కొండకూ ఈ కొండలకూ మధ్య ఉన్న నీటిదారి సీసా మెడంత సన్నం. లోపలి హార్బర్‌కు వెళ్లే ఓడలన్నీ దానిలోంచే వెళ్లాలి.

ఓడ వచ్చే వేళకు అక్కడ ఉండగలిగితే అదృష్టమే. బయట సముద్రంలోనే పోర్టు పైలట్ ఓడ ఎక్కేస్తాడు. ముందొక టగ్గు, వెనకొకటి. దూరాన అగ్గిపెట్టెంత కనిపించింది కాస్తా దారిలోకి తిరిగేసరికి ఎదురుగా ఉన్న కొండ వాలునే కప్పేస్తుంది. ముందు భాగాన నీటి లోతు చెప్పే తెల్ల అంకెలు, లంగరు గొలుసు ఒరుసుకున్న చోట తుప్పు చారలు, డెక్కు మీద నారింజ రంగు దుస్తుల్లో పనివాళ్లు, అన్నీ కళ్లద్దాలు లేకుండానే కనిపిస్తాయి. ఖాళీ ఓడైతే పొట్ట కింది ఎర్ర రంగు బారెడు పైకి తేలి ఉంటుంది. సరుకు నింపుకున్నదైతే ఆ ఎరుపు నీళ్లలో మునిగిపోతుంది. పాతనగరం డాబాల మీద ఆరేసిన బట్టల వెనక నుంచి ఓడ తల ఒకటి మెల్లగా జరిగిపోవడం ఇక్కడివాళ్లకు రోజూ ఉండేదే. కొత్తవాళ్లకు మాత్రం చూపు తిప్పుకోబుద్ధి కాదు.

ఆ యారాడ కొండ లేకపోతే ఈ రేవు లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి, నైరుతి నుంచి ఎత్తుకుని వస్తాయి. యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకుని నిలబడి ఆ పోటును తన ఒంటి మీద కాసుకుంటుంది. దాని చాటున మేఘాద్రిగెడ్డ, ఇంకా చిన్నాచితకా గెడ్డలు తెచ్చిన నీరు ఉప్పుటేరై, చిత్తడి నేలై సముద్రంలో కలిసేది. కానీ ఏటి నోట్లో ఇసుక మేట ఉండేది. దాన్ని దాటి చిన్న పడవలు లోపలికి పోగలవు, పెద్ద ఓడలు పోలేవు. అందుకే రెండున్నర శతాబ్దాలు ఓడలన్నీ బయట సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకు, మనుషులు మసూలా పడవల్లో అలలు దాటుకుని ఒడ్డుకు రావాలి. మేకు కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టి చేసిన పడవలవి. అల వచ్చి కొట్టినా విరగవు, వంగి లేస్తాయి. వాటిని నడిపింది మన జాలర్లు. తూర్పు తీరంలో కంపెనీల వ్యాపారం వాళ్ల భుజాల మీదే నడిచింది. ఆ పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

ఈస్టిండియా కంపెనీ ఇక్కడ గిడ్డంగి తెరిచింది 1682లో. అప్పటికే డచ్చివాళ్లు భీమునిపట్నంలో ఉన్నారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖను పట్టుకున్నాడు, మరుసటేడే అది చేజారింది. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. ఈ కొండ మీద నిలబడి చూడదగిన కథ వేరే ఉంది. 1804 సెప్టెంబరు 15. కింద సముద్రంలో సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక, దాని కాపలాలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక నౌకలు లంగరు వేసి ఉన్నాయి. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఓడ మీద లేడు, ఒడ్డున ఉన్నాడు. అంతలో ఫ్రెంచి నౌకాధిపతి లినోయి తన మారెంగో ఓడతో, మరి రెండు యుద్ధనౌకలతో వచ్చిపడ్డాడు. బార్నబీ తాడు తెంచుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చి అలల్లో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ కొట్లాడకుండానే లొంగిపోయింది. సెంచూరియన్ ఒక్కటే, తన కన్నా పెద్ద ఓడను ఎదుర్కొని దెబ్బలు తింటూ నిలబడింది. చివరికి లినోయి చేజిక్కిన వర్తక నౌకను తీసుకుని వెళ్లిపోయాడు. నెపోలియన్ యుద్ధాల్లో ఒక పోరు మన బీచ్ రోడ్డు ముందు జరిగిందంటే ఇప్పుడు నమ్మడం కష్టం. ఆ రోజు ఊరి జనం చూసి ఉంటే ఈ కొండల మీద నుంచే చూసి ఉండాలి, ఇంతకన్నా అనువైన చోటు లేదు.

దర్గా సంగతి కూడా సముద్రంతో ముడిపడిందే. బంగాళాఖాతం మీద ఇషాక్ మదీనా బాబా మాట చెల్లుతుందని నావికుల నమ్మకం. వచ్చే ఓడ, పోయే ఓడ ఆ కొండ ముందు మూడుసార్లు జెండా దించి ఎత్తేవని, తుపానులో చిక్కి బయటపడ్డ ఓడల యజమానులు, హిందువులు సైతం, వెండి పడవలు చేయించి దర్గాలో సమర్పించేవారని పాత జిల్లా చరిత్రల్లో ఉంది. పక్క కొండ మీద వెంకన్న, ఇటు మేరీమాత. సముద్రం మీదకు పోయేవాడు మూడు కొండలకూ దండం పెట్టుకునే పోయేవాడు. ఇప్పటికీ ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

ఇక్కడ రేవు కట్టాలన్న ఆలోచన 1858 నాటిది. అప్పుడే ఒక సర్వే బృందం రాసిపెట్టింది. ఓడ లోపలికి వచ్చింది 1933లో. నడుమ డెబ్బయి అయిదేళ్లు, అందులో ఎక్కువ భాగం కాగితాల మీదే గడిచింది. ముందుకు తోసింది మధ్య పరగణాల మాంగనీసు. ఆ ఖనిజానికి దగ్గరి సముద్రం ఇదే, కానీ మధ్యలో తూర్పు కనుమలు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఈ చిత్తడినే హార్బర్‌గా తవ్వమన్నాడు. పని బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఒకవైపు రాయపూర్ నుంచి విజయనగరం దాకా కొండల్లో పట్టాలు, అవి 1931కి పూర్తయ్యాయి. మరోవైపు 1927 నుంచి ఇక్కడ బురద తవ్వకం. తవ్వి తీసిన మట్టితోనే చుట్టూ పల్లపు నేల ఎత్తు చేశారు. ఈనాడు రైళ్లు, గోదాములు ఉన్న నేలలో చాలా భాగం ఒకప్పుడు నీటి అడుగున ఉన్నదే.

తవ్వడం కన్నా కష్టం, తవ్విన దారి పూడకుండా చూసుకోవడం. మన తీరం వెంబడి ఇసుక నిలకడగా ఉండదు. వేసవి నుంచి వానాకాలం చివరి దాకా అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి, చలికాలంలో కొంత వెనక్కి తెస్తాయి. ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో లోతైన కాలువ కనబడితే ఆ ఇసుకంతా అందులోనే పడుతుంది. దీనికి ఆనాటి ఇంజినీర్లు చేసిన ఉపాయం నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురమే. రెండు పాత ఓడలను తెచ్చి యారాడ కొండ కొస దగ్గర కావాలనే ముంచేశారు, వాటిని ఆసరాగా పెట్టుకుని అలలకు అడ్డుకట్ట వేశారు. దాని చాటున ఇసుక వచ్చి ఆగే గుంట ఒకటి తవ్వారు. అక్కడ ఆగిన ఇసుకను డ్రెడ్జర్ తోడేస్తూ ఉంటుంది. ఓడల కోసం ఓడలనే ముంచిన రేవు ఇది.

1933 అక్టోబరు 7న మొదటి వర్తక నౌక లోపలికి వచ్చింది. పేరు జలదుర్గ. సింధియా కంపెనీది, అంటే ఇంగ్లీషు కంపెనీలతో పోటీకి దిగిన స్వదేశీ కంపెనీది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ వచ్చి అట్టహాసంగా ప్రారంభోత్సవం చేశాడు. అప్పటికి ఉన్నవి మూడు బెర్తులు.

ఆ సింధియా కంపెనీయే ఎనిమిదేళ్ల తర్వాత ఇక్కడ ఓడలు కట్టే కార్ఖానా తలపెట్టింది. కంపెనీ అధిపతి వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదల అది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగలేదు, 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం పెద్దగా లేకపోయినా ఊరు ఊరంతా ఖాళీ అయింది. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని జనం పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలింది. అంతకు కొద్ది నెలల ముందే రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఇక్కడి నుంచి, భీమిలి నుంచి, కాకినాడ నుంచి పొట్ట చేతబట్టుకుని రంగూన్ ఓడలెక్కిన వేలాది తెలుగు కూలీలు ఎలా వీలైతే అలా వెనక్కి వస్తున్నారు, కొందరు అడవుల్లో నడిచి. ఉత్తరాంధ్రలో పాత ఇళ్లలో ‘రంగం పోయిన తాత’ లేని కుటుంబం అరుదు. మిగిలినవాళ్లు 1960లలో వచ్చేశారు. కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అలా ఏర్పడిందే.

కార్ఖానా మాత్రం ఆగలేదు. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి జలఉష అనే ఓడను నీళ్లలోకి వదిలారు. స్వతంత్రం వచ్చి ఏడు నెలలు. తర్వాత కార్ఖానా ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కంపెనీ పోయినా ఆ పేటకు సింధియా అన్న పేరు మిగిలింది. సిటీ బస్సు కండక్టర్లు రోజూ ఆ పేరు పిలుస్తూనే ఉన్నారు.

రాస్ హిల్ మీద నుంచి యారాడ కొండ చేయి చాస్తే అందేటట్టుంటుంది. ఒకప్పుడు ఫెర్రీ ఎక్కితే నిమిషాల్లో అవతలి గట్టు. ఫెర్రీ రోడ్డు పేరు ఇప్పటికీ ఉంది. ఈరోజు అక్కడికి పోవాలంటే లోపలి హార్బర్ అంతా చుట్టి, సింధియా మీదుగా, నేవీ ప్రాంతం పక్కగా పది కిలోమీటర్లకు పైగా తిరిగి కొండ ఎక్కాలి. తిరిగినా ఫలితం దక్కుతుంది. కొండ మీద లైట్‌హౌస్ 1957 నాటిది. దాని బాల్కనీ నుంచి చూస్తే ఉత్తరాన బీచ్ రోడ్డు వంపు తిరిగి కైలాసగిరి దాకా పరుచుకుని ఉంటుంది. దక్షిణాన యారాడ తీరం, ఇంకా అవతల గంగవరం. కాళ్ల కింద రెండు హార్బర్లు. కొండల మధ్య ఒదిగి చేతుల్లా చీలిన పాతది, రాతి అడ్డుకట్టల మధ్య సముద్రాన్నే కొంత మలిచి కట్టిన కొత్తది.

కొత్తది, అంటే ఔటర్ హార్బర్, 1976లో వచ్చింది. బస్తర్ అడవుల్లోని బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి పెద్ద ఓడలు కావలసి వచ్చాయి, అవి సన్నటి దారిలో పట్టవు. ఆ ఖనిజం కోసమే 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు దారి వేశారు. మనం సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వెళ్లేది ఆ దారినే. బొర్రా గుహలు చూడ్డానికి కాదు ఆ పట్టాలు వేసింది, ఈ రేవుకు ఖనిజం చేర్చడానికి. అరకు వెళ్లి వచ్చిన ప్రతివాళ్లూ ఒకసారి ఆ దారి ఎక్కడ ముగుస్తుందో చూసి తీరాలని నా కోరిక.

పాకిస్తాన్‌తో 1971 యుద్ధంలో డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఈ రేవు ముఖద్వారానికి కొంచెం బయట పెద్ద పేలుడు వినిపించింది. తెల్లారాక జాలర్లకు నీళ్ల మీద తేలుతున్న వస్తువులు దొరికాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన బాంబులకే మునిగిందని మన నావికాదళం అంటుంది. లోపలి పేలుడు వల్లనో, తాను పెట్టిన మందుపాతర వల్లనో అని పాకిస్తాన్ వాదన. అందులోని వాళ్లంతా దానితోపాటే పోయారు. ఘాజీ ఇప్పటికీ అక్కడే, ఓడల దారికి దగ్గర్లో, అడుగున పడి ఉంది. బీచ్ రోడ్డు మీది విజయ స్తంభం ఆ యుద్ధానిదే.

మళ్లీ ఇసుక దగ్గరకు రావాలి, ఎందుకంటే అది ఇప్పటి సమస్య. దక్షిణం నుంచి నడిచి వచ్చే ఇసుకను రేవు ఆపేస్తుంది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు చేరాల్సిన వంతు చేరదు. పైగా ఔటర్ హార్బర్ అడ్డుకట్టలు వచ్చాక కోత ఇంకా పెరిగింది. ఒక్కో ఏడు వానాకాలంలో అలలు బీచ్ రోడ్డు గోడనే తాకుతాయి. అందుకే గుంటలో తోడిన ఇసుకను డ్రెడ్జర్ గొట్టాల ద్వారా తీరం మీద చిమ్మే పని ఏళ్ల తరబడి సాగుతోంది. నల్లటి బురదనీరు గొట్టంలోంచి ఎగజిమ్మి పడుతుంటే పిల్లలు చుట్టూ మూగి చూస్తుంటారు. ఆ చిమ్మడం ఒక్క ఏడు తప్పినా మనం చెప్పులు విప్పి నడిచే ఇసుక సన్నగిల్లుతుంది. బీచ్ బాగుండాలంటే రేవు తన బాకీ ఏటేటా తీర్చాలి. దీనికి వెనకాముందాడే హక్కు ఎవరికీ లేదు.

బాకీ ఇంకొకటి ఉంది, అది పాతనగరానికి. ఒకప్పుడు మాంగనీసు, తర్వాత ఇనుప ఖనిజం, ఇప్పుడు బొగ్గు. ఏది వచ్చినా దుమ్ము పడింది ఈ వీధుల మీదే. ఇక్కడ ఏ ఇంటికి వెళ్లినా కిటికీ చువ్వ మీద వేలు రాసి చూపిస్తారు. ఒకావిడ డాబా మీద వడియాలు పెట్టడం మానేసి చాలా కాలమైందన్నారు. ‘‘తుడిసినంతసేపే బాబూ, దీపాలు పెట్టీవేళకి మళ్లీ నలుపు’’ అంటూ గుమ్మం మీది గుడ్డ దులిపి చూపించారు. బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లడం, పైకప్పుల కింద నిల్వ చేయడం మొదలైనమాట నిజం. కానీ గాలి అటు నుంచి తిరిగిన రోజు ఇళ్లలో తేడా తెలియనంత కాలం ఆ పని పూర్తయినట్టు కాదు. ఊరిని కన్న పేట ఊపిరాడక ఖాళీ అవుతోంటే, ఊరి గొప్పలు చెప్పుకోవడం నాకు మనసొప్పదు.

ఎందుకంటే ఇక్కడ పోగొట్టుకోకూడనివి చాలా ఉన్నాయి. 1847 నాటి సెయింట్ అలోషియస్ బడి, 1904 నాటి టౌన్‌హాల్, పాత ఐరోపా సమాధుల తోట, మద్రాసు టెర్రస్ ఇళ్లు. రాచకొండ విశ్వనాథశాస్త్రి కథల్లోని మనుషులు, రేవు మీద, సారా కొట్ల చుట్టూ, కోర్టు మెట్ల మీద బతికినవాళ్లు, ఈ గాలి పీల్చినవాళ్లే. ఆ యాస ఈ సందుల్లో ఇంకా వినిపిస్తుంది, పేటలు చెదిరిపోతే అదీ పోతుంది.

కొండ దిగాక ఫిషింగ్ హార్బర్ చూడకుండా వెళ్లకూడదు. తెల్లవారుజామున నాలుగింటికే వేలం పాటలు. గట్టు మీద కోనాలు, వంజరాలు, చందువాలు రకాలవారీగా రాశులు. కవళ్లు, కానాగంతలు గంపల్లో. పది పదిహేను రోజుల వేట నుంచి వచ్చిన బోటు మీద కళాసీలు వల సరిచేసుకుంటుంటే సరంగు ఒడ్డున డీజిలు లెక్క చూసుకుంటుంటాడు. గంప నెత్తికెత్తుకుని పేటల్లోకి పోయేది ఆడవాళ్లే. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే నిప్పంటుకుని దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు వెనక ఎన్నో ఇళ్లు, వడ్డీకి తెచ్చిన డబ్బు. మసూలా పడవలు నడిపిన వాళ్ల వారసులు వీళ్లు. రేవు ఎంత పెరిగినా వీళ్ల వాటా ఆ గట్టు ముక్కే.

ఎక్కువ ఖర్చు అక్కర్లేని పనులు కొన్ని చేయొచ్చు. రాస్ హిల్ పిట్టగోడ దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టి, ఎదురుగా కనిపించేది ఏమిటో, సెంచూరియన్ ఎక్కడ నిలబడిందో, జలదుర్గ ఎటు నుంచి వచ్చిందో రాయొచ్చు. కోట వీధి నుంచి మూడు కొండల దాకా ఆదివారం పూట నడక ఏర్పాటు చేసి, పేటలోని కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి కథ చెప్పించవచ్చు. బడి పిల్లలను ఏడాదికి ఒక్కసారి తీసుకొచ్చి ఓడ లోపలికి వెళ్లడం చూపించవచ్చు.

వెళ్లదలచినవాళ్లకు నాలుగు మాటలు. రాస్ హిల్‌కు పొద్దున పూట వెళ్తే ఎండ తూర్పు నుంచి పడి యారాడ కొండ రాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. ఆదివారం చర్చిలో ప్రార్థన వేళ తప్పించుకోవడం మర్యాద. లైట్‌హౌస్ సాయంత్రం పూట తెరుస్తారు, వెళ్లేముందు వేళలు కనుక్కోండి. నేవీ ప్రాంతం కనుక గుర్తింపు కార్డు జేబులో ఉండాలి, ఫొటోల విషయంలో కాపలావాళ్లు చెప్పినట్టు వినాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు బోట్లన్నీ గట్టునే ఉంటాయి, రంగులు వేసుకుంటూ, వలలు అల్లుకుంటూ. జూన్ 15 వేకువన వస్తే అవన్నీ ఒకదాని వెనక ఒకటి వేటకు బయల్దేరడం చూడొచ్చు.